ఫూతా దారిలో స్ట్రీట్‌ఫైటర్

ఆదివారం రాత్రి, బొలోన్యా, ఇటలీ

"208 హార్స్‌పవర్ బండి అంటున్నావు, ఆ కొండదారిలో స్పీడుగా పోనివ్వరనీ అంటున్నావు. మరి దాంతో ఏం చేస్తావన్నా?" పొద్దున ఫోన్లో తమ్ముడు అడిగిన ప్రశ్న. అప్పటికేదో చెప్పి పెట్టేశాను కానీ, రోజంతా అదే మనసులో తిరిగింది.

బండి నాది కాదు, మా ఫ్యాక్టరీలో నాతోపాటు పనిచేసే ఆయనది. డుకాటీ స్ట్రీట్‌ఫైటర్ వీ4, 2020 మోడల్, ఎర్రది. ఆదివారం ఎండ కాస్తే చాలు, ఇక్కడి బైకుల వాళ్లు ఫూతా దారి పడతారు. పియనోరో, లొయానో, మొంగిదోరో దాటి 968 మీటర్ల ఎత్తున్న రాతికోసా కనుమ దాకా ఎక్కే పాత ఫ్లోరెన్స్ రోడ్డు అది. 1957 దాకా మిల్లే మిలియా రేసు కార్లు ఈ మలుపుల మీదుగానే పోయేవి. లొయానోలో కాఫీ తాగి లేస్తుంటే ఆయన తాళం నా వైపు జరిపి, "ఇక్కణ్నుంచి నువ్వు నడుపు" అన్నాడు. నా చిన్న బండి ఆయన తీసుకున్నాడు. పెద్ద బండికి కావలసిన 'ఏ' లైసెన్సు నాకు ఉందని ఆయనకి తెలుసు.

ఎక్కే ముందు కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఇది నేకెడ్ బైక్, అంటే ఇంజిన్‌ని కప్పే ప్లాస్టిక్ తొడుగు (ఫెయిరింగ్) ఉండదు కాబట్టి ఏదీ దాగదు. ఇంజిన్ కేసింగ్, రేడియేటర్ గొట్టాలు, బోల్టులు, వైరు పోయే దారి, అన్నీ కళ్లముందే. అంచేత ప్రతిదాన్నీ ఎవరో కూర్చుని ఆలోచించి గీయాల్సి వచ్చింది. వెనక చక్రాన్ని పట్టుకునే చేయి, స్వింగ్‌ఆర్మ్, ఒక్క పక్కే ఉండటంతో రెండో పక్క నుంచి చక్రం మొత్తం కనిపిస్తుంది. ట్యాంకు ఒంపు సీటు దగ్గరికొచ్చి సన్నబడే చోట చేయి పెట్టి చూశాను. పెయింటు కింద ఎక్కడా ఎగుడుదిగుడు తగల్లేదు.

డుకాటీలో ఇలా తొడుగు తీసేసిన బండ్ల వరస మొదలుపెట్టింది మాన్‌స్టర్ అనే మోడల్. 1992లో జర్మనీలోని కొలోన్ బైకుల షోలో చూపించి, మరుసటి ఏడాది అమ్మకానికి తెచ్చారు. డిజైనర్ మిగెల్ గలూట్సి దాన్ని గీసిన పద్ధతి చాలా సూటిగా ఉంటుంది: సూపర్‌బైక్ ఫ్రేమ్ తీసుకో, 900 సీసీ ఇంజిన్ పెట్టు, పైన కప్పిందంతా తీసెయ్. స్ట్రీట్‌ఫైటర్ వీ4 కూడా అదే వరసలోది. డుకాటీ రేసు తరహా బండి పనిగాలే వీ4 ఒంటి మీది ప్లాస్టిక్ ఒలిచేసి, వెడల్పాటి ఎత్తు హ్యాండిల్ బిగించారు. పనిగాలే అన్న పేరు కూడా డుకాటీ ఫ్యాక్టరీ ఉన్న బోర్గో పనిగాలే అనే చోటు నుంచే వచ్చింది.

మొదటి కిలోమీటరు భయంగానే నడిపాను. 201 కిలోల బండి, 208 గుర్రాలు, అదీ వేరేవాళ్ల సొత్తు. మోడ్ 'స్ట్రీట్'లో పెట్టుకున్నాను. రెండో హెయిర్‌పిన్‌కే భయం పోయింది. బరువైన బండిని వంచబోతున్నానన్న ఆలోచనతో హ్యాండిల్ గట్టిగా తోస్తే, అనుకున్నదానికన్నా ముందే లోపలికి వంగింది. మామూలుగా ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, చక్రాలు తిరిగే వైపే తిరుగుతుంది, ఇందులో ఎదురు తిరుగుతుంది. చక్రాలు తిరిగేటప్పుడు పుట్టే బిగువుని అది కొంత కోసేస్తుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ముందు చక్రం పైకి లేవకుండా కాస్త అదిమి కూడా పెడుతుంది. రేసుల కోసం చేసిన ఏర్పాటే, కానీ 50 స్పీడులో మలుపు తిరుగుతున్న నాకూ అంతే పనికొచ్చింది.

తమ్ముడికి చెప్పాల్సింది ఇదే. 208 అనే అంకె ఇంజిన్ నిమిషానికి 12,750 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేటప్పటి మాట. ఈ రోడ్డు మీద నేను అక్కడికి పోను, పోకూడదు. కానీ 4,000 దగ్గరే టార్క్‌లో, అంటే చక్రాన్ని తిప్పే బలంలో, 70 శాతం వచ్చేస్తుంది. మూడో గేరులో ఉంచేసి, మలుపు సగం దాటగానే మణికట్టు కొంచెం కదిపితే చాలు, బండి మెత్తగా, ఒక్క కుదుపు లేకుండా లాగుతుంది. అంత శక్తిని ఇంత వినయంగా అందించడమే నా దృష్టిలో అసలు పనితనం. పైగా గాలికి అడ్డేమీ లేదు. 80 దాటితే ఛాతీకి తెలుస్తుంది. నాలుగు సిలిండర్లలో పెట్రోలు రెండేసి చొప్పున దగ్గరదగ్గరగా పేలడంతో శబ్దం రెండు సిలిండర్ల పాత డుకాటీలా గరగరమంటుంది. తక్కువ వేగంలోనే మనిషికి కడుపు నిండుతుంది.

పక్కన పొడుచుకొచ్చిన రెక్కలు మాత్రం నాకు ఇక్కడ అనవసరం అనిపించాయి. 270 కిలోమీటర్ల వేగంలో బండిని 28 కిలోల బలంతో కిందికి నొక్కుతాయట. మొంగిదోరోలో ఎవరికి కావాలి?

డెస్మో అనే డుకాటీ వాల్వుల ఏర్పాటు గురించి మాత్రం నేను మాట్లాడకుండా ఉండలేను, ఎందుకంటే అది మా పని కూడా. మేం చేసేవి ప్యాకింగ్ మెషీన్లు, ఈ ఊరి చుట్టూ ఆ పరిశ్రమ చాలా పెద్దది. వేగంగా తిరిగే మెషీన్లో స్ప్రింగ్‌ని నమ్ముకుంటే లీవరు తనని తోసే క్యామ్‌ని (ఒక పక్క ఉబ్బిన చక్రాన్ని) వదిలేసి ఎగురుతుంది. అందుకే ముందుకు తోయడానికి ఒక క్యామ్, వెనక్కి తేవడానికి ఇంకో క్యామ్ పెడతాం. డుకాటీ వాల్వులదీ అదే తీరు: తెరవడానికి ఒక రాకర్ (చిన్న లీవరు), మూయడానికి మరొకటి, స్ప్రింగ్ మీద భరోసా లేదు. డుకాటీ ఇంజనీరు ఫాబియో తల్యోని 1956లో 125 సీసీ రేసు బండికి పెట్టింది, ఈ వీ4లోనూ ఉంది. రెండు పక్కలా గ్యాప్ సరిచూడాలి కాబట్టి సర్వీసు ఖర్చు గట్టిగానే ఉంటుంది. ఈ ఇంజిన్‌కి 24,000 కిలోమీటర్లకి ఒకసారి అంటే నాకైతే న్యాయమే.

రాతికోసాలో వరసగా ఆపిన బండ్ల మధ్య మాదీ ఆపాం. దిగేసరికి తొడలు వెచ్చగా ఉన్నాయి. వెనక సిలిండర్లు సీటు కిందే ఉంటాయి మరి. ఇంజిన్ ఆన్‌లో ఉండి బండి కదలకుండా నిలబడ్డప్పుడు అవి వాటంతటవే ఆగిపోయే ఏర్పాటుంది, అయినా ఆగస్టు ఎండలో సిటీ ట్రాఫిక్‌లో ఈ బండి వద్దు.

ట్రాక్ మీద నడిపితే తప్ప ఈ బండి అర్థం కాదని ఆయన వాదన. ముజెల్లో రేస్ ట్రాక్ కనుమకి అవతలే ఉంది, ట్రాక్ డే పెట్టినప్పుడు ఇద్దరం పోదాం అన్నాడు. తప్పకుండా వస్తానన్నాను. కానీ అక్కడ చూసినా ఇవాళ్టి మాట మీదే ఉంటాననుకుంటున్నాను. ఆయన నవ్వి, చూద్దాం అన్నాడు.