సౌండ్ హోల్‌లో చేతిరుమాలు

మన కాలేజీ బ్యాచ్ కలయిక సంచికకి హాస్టల్ గురించి రాయమని కమిటీ వాళ్ళు ఫోన్ మీద ఫోన్. హాస్టల్ సంగతులు మన పప్పుచారుగాడు రాస్తాడు, నిజాలు రాస్తే మన సంచిక అచ్చు కాదు. నేను ఫిజిక్స్ ల్యాబ్ సార్ గురించి రాస్తాను.

ఫైనలియర్ కాలేజ్ డే గుర్తుందిగా? పప్పుచారు కలకత్తా గిటార్, బండోడి పాట. సరిగ్గా సౌండ్ హోల్ (గిటార్ పెట్టె మధ్య రంధ్రం) ఎదురుగా మైకు పెట్టారు, పక్కనే స్పీకర్ బాక్సు స్టేజీ వైపు తిరిగి ఉంది. మొదటి తీగ మీటగానే హాలంతా భూమ్మని మోత. మైక్ సెట్ ఆయన వాల్యూమ్ తగ్గించడం, పెంచడం, మళ్ళీ మోత. మన లేడీస్ సైడ్ నవ్వులు సరేసరి.

ముందు వరుసలో ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్న సార్ లేచి స్టేజీ ఎక్కారు. జేబులోంచి ఆ చేతిరుమాలు తీశారు, సుద్దపొడితో ఏ రంగో తెలియని ఆ రుమాలే. గిటార్ రంధ్రంలో కుక్కారు. మైకుని మెడ, పెట్టె కలిసే చోటికి జరిపి జానెడు దూరంలో ఉంచారు. స్పీకర్ని జనం వైపు తిప్పించారు. మోత ఆగిపోయింది. సార్ మైకులో, "రెజొనెన్స్ రా! రికార్డులో కాపీ కొట్టారుగా, ఇప్పుడు చూడండి" అన్నారు. ఆ తర్వాత బండోడు పాడాడు. దానికి సార్ దగ్గర కూడా మందు లేదు.

సార్ చెప్పిన రెజొనెన్స్ ఇదే: గిటార్ పెట్టెలోని గాలికి సొంత స్వరం ఒకటి ఉంటుంది. పెద్ద గిటార్లలో అది దాదాపు 100 హెర్ట్జ్ దగ్గర. స్పీకర్లోంచి ఆ స్వరం వచ్చి పెట్టెను కదిపితే, పెట్టె మైకుకిస్తుంది, మైకు మళ్ళీ స్పీకర్‌కి. గాలి గొట్టంలో నీళ్ళు దించుతూ ట్యూనింగ్ ఫోర్క్ పట్టుకుని మనం చేసిన ప్రయోగానికి ఇది దగ్గర చుట్టమే.

ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు... అవన్నీ గ్రూపులో చూశారు. ఉద్యోగం మానేసి లైవ్ సౌండ్‌లోకి, అంటే ప్రోగ్రాముల్లో మైకులు, వాటి శబ్దాలు కలిపే మిక్సర్ చూసుకునే పనిలోకి వచ్చినప్పుడు మా నాన్న నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఇప్పుడు రవీంద్రభారతిలోనో, శిల్పకళావేదికలోనో ప్రోగ్రాం ఉంటే గిటార్ వాయించే కుర్రాళ్ళు ముందు అడిగేది, "అన్నా, మిక్సర్ దగ్గర నువ్వేనా?" అని.

ఇప్పటి స్టేజీ గిటార్లలో చాలావాటికి తీగలు ఆనే బ్రిడ్జి కింద పీజో పికప్ ఉంటుంది, తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది. ప్రీయాంప్ (ఆ సిగ్నల్‌ని బలపరిచే చిన్న సర్క్యూట్) లేని పికప్‌ని తిన్నగా మిక్సర్ లైన్‌కి గుచ్చితే రేకు డబ్బా మోతే. పీజోకి కనీసం 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) కావాలి, మిక్సర్ లైన్ ఇచ్చేది కొన్ని పదుల కిలోఓమ్‌లు. బేస్ అక్కడే పోతుంది. అందుకే మధ్యలో ఎక్కువ ఇంపీడెన్స్ ఉన్న డీఐ బాక్స్, అంటే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె, పెడతాను. ప్రీయాంప్ ఉంటే 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వేయిస్తాను. కేబుల్ గుచ్చి వదిలేసి టీకి పోతారు మహానుభావులు, బ్యాటరీ షో మధ్యలో చస్తుంది. తర్వాత 80 హెర్ట్జ్ కింద కోత, మోగే స్వరం ఒక్కదాన్నే తగ్గించే నాచ్, ప్లాస్టిక్ చప్పుడు పోవడానికి 1, 2 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గింపు. వేలకు వేలు పోసి ఎఫెక్ట్ పెడల్స్ కొంటారు గానీ, ప్రీయాంప్ మీదున్న ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) నొక్కి చూడరు! ఇంకా మోగితే రంధ్రానికి రబ్బరు మూత.

మన కలయికకి సౌండ్ నాదే. మైక్ సెట్ వాళ్ళ మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్‌లోంచే వచ్చే కరెంటు) ఉందో లేదో ఎవరైనా ముందే కనుక్కోండి, నా డీఐలకి కావాలి. పాడేవాళ్ళ లిస్టు కూడా పంపండి. బండోడి పేరుంటే వాల్యూమ్ ఫేడర్ ఎక్కడుండాలో నాకు తెలుసు.