ఆనంద్‌పుర్ సాహిబ్: ఐదు కోటలు, ఒక దిగుడుబావి

ఆనంద్‌పుర్ కోటగా పుట్టిన ఊరు కాదు. 1665లో సిక్కుల తొమ్మిదో గురువు తేగ్ బహదూర్, పంజాబ్ అంచున ఉన్న కొండరాజ్యం కహ్లూర్ రాణి చంపాదేవి దగ్గర ఈ నేల కొని, తల్లి పేరు మీద చక్ నానకీ అనే పల్లె కట్టారు. పదేళ్ళకు ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఔరంగజేబు ఆజ్ఞతో ఆయన తల తీశారు. ఆ తలను భాయీ జైతా రహస్యంగా ఇక్కడికి తెచ్చాడు. దహనం చేసిన చోట ఇప్పుడు సీస్‌గంజ్ గురుద్వారా ఉంది. తొమ్మిదేళ్ళు నిండీ నిండని కొడుకు గురువయ్యాడు. ఆ పిల్లాడే గురు గోవింద్ సింగ్. పెద్దయ్యాక, 1688లో కొండరాజులతో భంగాణీ యుద్ధం ముగించి వచ్చి, ఊరి చుట్టూ ఐదు కోటలు కట్టించాడు: కేశ్‌గఢ్, ఆనంద్‌గఢ్, లోహ్‌గఢ్, హోల్‌గఢ్, ఫతేగఢ్.

ఢిల్లీలో ఊనా రైలు ఎక్కితే నేరుగా ఊళ్ళోనే దిగొచ్చు. ఒక పక్క శివాలిక్ కొండలు, ఇంకో పక్క సట్లెజ్. పాత గోడలు చాలావరకు పోయాయి. ఆ దిబ్బల మీదే తెల్లటి గురుద్వారాలు లేచాయి.

ముందు కేశ్‌గఢ్ వెళ్ళాం. 1699 వైశాఖీ పండుగ నాడు గురు గోవింద్ సింగ్ కత్తి దూసి, తల ఇచ్చేవాళ్ళు ఎవరని అడిగింది ఇక్కడే. లేచి నిలబడ్డ ఐదుగురిలో ఒకరు బీదర్‌కు చెందిన సాహిబ్ చంద్. మాది జహీరాబాద్, బీదర్ మాకు పొరుగూరే. నానక్ ఝీరా గురుద్వారాకు చిన్నప్పటి నుంచీ వెళ్తున్నాం. రైళ్ళు, రోడ్లు లేని కాలంలో ఒక క్షురకుడు మా వైపు నుంచి ఈ కొండల దాకా వచ్చాడు, అడగ్గానే తల ఇస్తానన్నాడు. ఆయన పేరు అక్కడ వినగానే నాకు కళ్ళు తడిశాయి. ద్వారక, పూరీ, హస్తినాపురం, లాహోర్ నుంచి వచ్చిన మిగతా నలుగురితో కలిసి ఆయన, గురువు ఆ రోజు దీక్ష ఇచ్చి ఏర్పరచిన సిక్కు సమూహం ఖాల్సాలో మొదటివాళ్ళలో ఒకరయ్యాడు, సాహిబ్ సింగ్ అయ్యాడు.

లోహ్‌గఢ్‌లో ఆయుధాలు తయారయ్యేవి. 1700లో కొండరాజులు ఏనుగుకు సారా తాగించి ఈ కోట తలుపు మీదికి తోలితే, బచిత్తర్ సింగ్ గుర్రం మీద ఎదురెళ్ళి బల్లెంతో దాన్ని వెనక్కి తిప్పాడు. ఆ బల్లెం కేశ్‌గఢ్‌లో ఉంది.

నేను ఎక్కువసేపు ఉన్నది మాత్రం ఆనంద్‌గఢ్‌లో. అక్కడ లోతైన దిగుడుబావి ఉంది. చేత్తో గోడ పట్టుకుని నెమ్మదిగా దిగాను. కింద నీళ్ళు చల్లగా ఉన్నాయి. 1704లో మొఘల్ సైన్యం, కొండరాజులు కలిసి ఊరిని నెలల తరబడి ముట్టడించారు. బయటి నుంచి వచ్చే నీటి కాలువను మళ్ళించేశారు. తిండిగింజలు అయిపోయాయి. చెట్ల బెరడు, ఆకులు తిన్నారంటారు. ఆకలికి ఓర్వలేక నలభై మంది, మీరు మా గురువు కాదు, మేము మీ శిష్యులం కాదు అని రాసిచ్చి వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. మరుసటి ఏడే వాళ్ళు ఖిద్రానా చెరువు దగ్గర గురువు కోసం ప్రాణాలిచ్చారు, ఆయన ఆ కాగితం చించేశారు.

ఈ ఆనంద్‌పుర్ యుద్ధాల్లోనే భాయీ కన్హయ్యా తోలుతిత్తి భుజాన వేసుకుని గాయపడ్డవాళ్ళకు నీళ్ళు పోసేవాడు, శత్రువులకు కూడా. తోటివాళ్ళు గురువుకు ఫిర్యాదు చేశారు. అందరిలో నాకు మీ ముఖమే కనబడుతోంది అని కన్హయ్యా గురువుతో అన్నాడట. గురువు కోప్పడలేదు, మందు ఇచ్చి కట్లు కూడా కట్టమన్నారు. ఆనంద్‌పుర్ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ ఘట్టమే.

చివరికి ముట్టడించినవాళ్ళు ఆవు మీద, ఖురాన్ మీద ఒట్టు వేసి, కోట వదిలితే దారి ఇస్తామన్నారు. డిసెంబరు చలిలో అందరూ బయల్దేరారు. ఒట్టు తప్పి వెనకనుంచి దాడి చేశారు. పొంగుతున్న సర్సా వాగు దగ్గర గురువు కుటుంబం చెల్లాచెదురైంది. తల్లి, చిన్న కొడుకులిద్దరూ సర్హింద్‌లో బందీలయ్యారు. పెద్ద కొడుకులిద్దరూ చమ్‌కౌర్‌లో పోరాడి పడిపోయారు. మన బీదర్ సాహిబ్ సింగ్ కూడా అక్కడే.

ఆనంద్‌పుర్ వెళ్ళేవాళ్ళు కోటలు చూసి వెనక్కి వచ్చేయకండి. రోపర్ వైపు దారిలో సర్సా ఒడ్డున పరివార్ విఛోడా గురుద్వారా ఉంది. అక్కడా కాసేపు ఆగండి.