ఇండియా డిగ్రీతో అమెరికా మెడికల్ స్కూల్: ప్రీరెక్విజిట్ల సంగతి

ఇండియాలో డిగ్రీ చేసి అమెరికా వచ్చాక ఇక్కడ మెడికల్ స్కూల్‌కి అప్లై చేద్దామనుకునేవాళ్లు దాదాపు అందరూ మొట్టమొదట చేసే పని ఒకటే. ఏదో ఒక స్కూల్ వెబ్‌సైట్ తెరిచి, వాళ్లడిగిన సబ్జెక్టుల (వీటినే ప్రీరెక్విజిట్లంటారు) జాబితా పక్కన తమ మార్కుల మెమో పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటారు. బయాలజీ ఉంది, ఆర్గానిక్ ఉంది, బయోకెమిస్ట్రీ ఉంది, ఫిజిక్స్ ఇంటర్లో చదివాం కదా, సరిపోతుందిలే అనుకుంటారు. నాకు మెసేజ్ పెట్టే చెల్లెళ్లు, తమ్ముళ్లు కూడా అక్కడి నుంచే మొదలుపెడతారు: "అక్కా, నా మెమో పంపిస్తున్నా, ఏ సబ్జెక్టు తగ్గిందో కాస్త చూసి చెప్పవా?" మెమో తెరవకముందే నేనడిగేది వేరే ఉంటుంది. అమెరికాలో ఇప్పటిదాకా ఎన్ని క్రెడిట్లు చదివావు? సున్నా అనే జవాబు వస్తే మెమో సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మాట్లాడుకోవాల్సింది ఆ సున్నా గురించే.

ఎందుకంటే ఇక్కడ ఎం.డి. స్కూళ్లలో (ఇక్కడ డాక్టర్ చదువు మొదటి డిగ్రీయే ఎం.డి.) చాలావాటికి అప్లికేషన్లు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వెళ్తాయి. దాన్ని నడిపేది అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం, ఏఏఎంసీ. అమెరికాలో చదివిన ప్రతి కోర్సునీ అక్కడ ఎంటర్ చేయాలి, వాళ్లు ట్రాన్స్‌క్రిప్టుతో సరిచూసి వాళ్ల లెక్కలో జీపీఏ కడతారు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి సైన్స్ జీపీఏ విడిగా, మొత్తం జీపీఏ విడిగా వస్తాయి. మన ఇండియా మార్కుల్ని ఆమ్‌కాస్ వెరిఫై చేయదు, జీపీఏలో కలపదు. యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినా అంతే. ఇక్కడ ఒక్క కోర్సూ చదవకుండా అప్లై చేస్తే అడ్మిషన్ కమిటీ ముందుకు వెళ్లే కాగితం మీద జీపీఏ ఉండాల్సిన చోట ఖాళీయే ఉంటుంది. వేలమందిని వడపోసేటప్పుడు ఆ ఖాళీని ఎలా చూస్తారో చెప్పనక్కర్లేదు.

దానికి తోడు స్కూళ్ల సొంత నిబంధనలు. కొన్ని స్కూళ్లు అమెరికా లేదా కెనడాలోని గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీయే కావాలంటాయి. కొన్ని 90 సెమిస్టర్ క్రెడిట్లు, అంటే సుమారు మూడేళ్ల చదువు అడుగుతాయి. కొన్ని ఒక ఏడాది చదివితే చాలంటాయి. ప్రీరెక్విజిట్లు మాత్రం అన్నీ ఇక్కడే చేసుండాలనేవి ఉన్నాయి, ఇంటర్నేషనల్ అప్లికెంట్లను అసలు తీసుకోనివి మరెన్నో ఉన్నాయి. స్టేట్ స్కూళ్లలో ఈ చివరి రకం బాగా ఎక్కువ. టెక్సస్‌లో అయితే ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు బయటి రాష్ట్రాల వాళ్లకి 10 శాతానికి మించి సీట్లివ్వకూడదని రాష్ట్ర నిబంధనే ఉంది, అక్కడి అప్లికేషన్ పోర్టల్ కూడా వేరు. అందుకే ఒక్కో స్కూల్ అడ్మిషన్ నిబంధనలుండే ఏఏఎంసీ వాళ్ల ఎం.ఎస్.ఏ.ఆర్. డేటాబేస్‌కి సబ్‌స్క్రిప్షన్ తీసుకుని, ఇంటర్నేషనల్ అప్లికెంట్లను తీసుకునే స్కూళ్లు ఏవో ముందు వడకట్టుకోండి. జాబితా చాలా చిన్నదైపోతుంది. గుండె జారుతుంది, నిజమే. కానీ ఆ చిన్న జాబితాకి తగ్గట్టు కోర్సులు ప్లాన్ చేసుకోవడం, అన్ని స్కూళ్లనీ దృష్టిలో పెట్టుకుని గాల్లో ప్లాన్ చేసుకోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

ఇంటర్నేషనల్ అంటే ఎవరు అని కూడా అడుగుతుంటారు. సిటిజన్‌షిప్ గానీ గ్రీన్ కార్డు గానీ చేతిలో లేకపోతే చాలా స్కూళ్ల దృష్టిలో మీరు ఇంటర్నేషనలే. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) అయినా, నాలాగా హెచ్4 (డిపెండెంట్ వీసా) అయినా, గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడి ఉన్నా సరే. ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఇక్కడే పెరిగిన పిల్లల పరిస్థితి. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివి, 21 ఏళ్లు నిండగానే డిపెండెంట్ హోదా పోయి ఎఫ్1కి మారిన పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ప్రీరెక్విజిట్లన్నీ ఇక్కడే చేసి ఉంటారు కాబట్టి వాళ్లకి కోర్సుల గొడవ లేదు, ఆ చిన్న జాబితా, ఫీజుల బాధ మాత్రం మనతో సమానం. ఇది అన్యాయమని నేను గట్టిగానే అంటాను.

సబ్జెక్టుల జాబితా సంగతి త్వరగా చెప్పేస్తా, అది ఎక్కడైనా దొరుకుతుంది. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కొక్కటి ఏడాదిపాటు, ల్యాబ్‌తో సహా. బయోకెమిస్ట్రీ ఒక సెమిస్టర్. ఇంగ్లిష్ రైటింగ్, స్టాటిస్టిక్స్ లేదా కాలిక్యులస్. 2015లో మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ మారినప్పటి నుంచి సైకాలజీ, సోషియాలజీ కూడా చదవమంటున్నారు. ఏడాది అంటే సెమిస్టర్ పద్ధతిలో రెండు కోర్సులు, ల్యాబ్‌తో కలిపి సాధారణంగా 8 క్రెడిట్లు. క్వార్టర్ పద్ధతి కాలేజీ అయితే మూడు క్వార్టర్లు, 12 క్రెడిట్లు. రెండు క్వార్టర్లు చదివి ఏడాది అయిపోయిందనుకోకండి. ఈ మధ్య కొన్ని స్కూళ్లు ఫలానా కోర్సే ఉండాలన్న పట్టు వదిలేసి "రికమెండెడ్" అని రాస్తున్నాయి, స్టాన్‌ఫర్డ్ అలాంటిదే. బయటి దేశపు డిగ్రీతో వచ్చినవాళ్లు మాత్రం ఆ మాటని "తప్పనిసరి" అనే చదువుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇక అసలు కిటుకు మన సిలబస్‌లో ఉంది. నాది బీఫార్మసీ. మన ఫార్మసీ కౌన్సిల్ సిలబస్‌లో ఆర్గానిక్ మూడు సెమిస్టర్లు ఉంటుంది, బయోకెమిస్ట్రీ ఉంటుంది, అనాటమీ ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు ఉంటుంది. చూడగానే సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే ఫిజిక్స్ అన్నదే లేదు. మొదటి సెమిస్టర్ ఇనార్గానిక్‌లో లిమిట్ టెస్టులు, యాంటాసిడ్లు, ఎలక్ట్రోలైట్లు వస్తాయి, కానీ ఇక్కడ జనరల్ కెమిస్ట్రీ అంటే థర్మోడైనమిక్స్, ఈక్విలిబ్రియం, ఎలక్ట్రోకెమిస్ట్రీ, అన్నీ ఒక వరసలో. బైపీసీ నుంచి వచ్చినవాళ్లు చదివే రెమెడియల్ మ్యాథ్స్‌ని ఇక్కడ కాలేజీ మ్యాథ్స్‌గా చూపించడం కష్టం, కమ్యూనికేషన్ స్కిల్స్ పేపర్ని రైటింగ్ కోర్సు అనడం ఇంకా కష్టం. బీఎస్సీ వాళ్లకి చిక్కు ఇంకో రకం: బాటనీ, జువాలజీ విడివిడిగా ఉంటాయి, పైగా మూడేళ్ల డిగ్రీ ఇక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్స్‌కి సమానమా కాదా అన్నది ఒక్కో కాలేజీ ఒక్కోలా తేలుస్తుంది. ఇంటర్ ఫిజిక్స్ సంగతికొస్తే, మనం ఎంత కష్టపడి చదివినా ఇక్కడి వాళ్ల దృష్టిలో అది హైస్కూల్ చదువే, ప్రీరెక్విజిట్ కింద రాదు.

క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్‌కి, అంటే మన డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో ఏజెన్సీ ఇచ్చే రిపోర్టుకి, వెంటనే డబ్బు కట్టేయకండి. ఆ రిపోర్టు ఆమ్‌కాస్‌కి అక్కర్లేదు. డీఓ (ఆస్టియోపతిక్ డాక్టర్ డిగ్రీ) స్కూళ్ల పోర్టల్ ఆకోమాస్‌కి కావాలి, కొన్ని ఎం.డి. స్కూళ్లు సెకండరీ అప్లికేషన్ (ఆమ్‌కాస్ తర్వాత స్కూల్ విడిగా అడిగేది) దగ్గర అడుగుతాయి, మీరు చేరబోయే కాలేజీ అడగొచ్చు. ఎవరు అడుగుతున్నారు, ఏ ఏజెన్సీది తీసుకుంటారు, కోర్సు వారీ రిపోర్టా మామూలుదా తెలుసుకున్నాకే కట్టండి.

నిజంగా విలువైనది ఇక్కడి కాలేజీ రిజిస్ట్రార్ దగ్గర జరిగే ట్రాన్స్‌ఫర్ క్రెడిట్ లెక్క. మీ ఆర్గానిక్ కోర్సుని వాళ్ల ఆర్గానిక్ కోర్సుకి సమానమని ట్రాన్స్‌క్రిప్టులో ఎక్కిస్తే కొన్ని మెడికల్ స్కూళ్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. గ్రేడ్ మాత్రం రాదు, క్రెడిట్ ఒక్కటే. ఊరికే "ఎలెక్టివ్" అని ఎక్కిస్తే ప్రీరెక్విజిట్ కింద దాన్ని చూపించుకోవడం కష్టం. అందుకే కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌కి మెమో ఒక్కటే ఇస్తే సరిపోదు, సిలబస్ కాపీ ఇవ్వాలి. థియరీ 45 గంటలు, ప్రాక్టికల్ వారానికి 4 గంటలు అని మన సిలబస్ పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంటుంది, ఆ పేజీ అక్షరాలా బంగారం. చదివిన సంవత్సరపు సిలబస్, కాలేజీ స్టాంపు, సంతకంతో తెప్పించుకోండి. మీ సిలబస్ మారిపోయి ఉంటే పాతది కావాలని మరీ మరీ చెప్పండి, లేకపోతే ఆఫీసులో చేతికందిన కొత్తది పంపేస్తారు. ప్రాక్టికల్ రికార్డులు ఇంట్లో ఉంటే పారేయొద్దని అమ్మావాళ్లకి చెప్పండి, ల్యాబ్ నిజంగా చేశామని చూపించడానికి పనికొస్తాయి.

అయితే చదివిందే మళ్లీ చదవడం దండగ కదా అంటే, నేను ఒప్పుకోను. ఆర్గానిక్ క్రెడిట్ వచ్చినా సరే ఇక్కడ కనీసం బయోకెమిస్ట్రీ, పై స్థాయి బయాలజీ కోర్సులు ల్యాబ్‌తో చేసి మంచి గ్రేడ్లు చూపించాలి. జీపీఏ తయారయ్యేది వాటితోనే, రికమెండేషన్ లెటర్లు రాసే ప్రొఫెసర్లు దొరికేదీ అక్కడే. మామూలుగా ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్ల లెటర్లు అడుగుతారు, అదీ మిమ్మల్ని క్లాసులో చూసినవాళ్లవి. ఇండియాలో హెచ్‌ఓడీ గారు లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన నాలుగు వాక్యాలు ఇక్కడ పెద్దగా నిలబడవు. నేను ఇక్కడ ఫిజిక్స్ మొదటి నుంచి చదివాను. టార్క్ లెక్కలు, సర్క్యూట్లు, ప్రతి ల్యాబ్‌కీ ఎర్రర్ ఎంతో లెక్కగట్టి రిపోర్టు రాయడం. చదువుతుంటే బైపీసీలో సూత్రాలు బట్టీ పట్టి దాటేసిన చాప్టర్లు ఇప్పుడు అర్థమవుతున్నాయని సంతోషం వేసింది. ఎంక్యాట్‌కి చదువుతున్నప్పుడు ఆ ల్యాబ్ రిపోర్టులే ఎక్కువ సాయపడ్డాయి, ఎందుకంటే ఆ పరీక్షలో పేరాగ్రాఫ్, గ్రాఫు ఇచ్చి ఆలోచించమంటారు, సూత్రం అడిగి వదిలేయరు.

ఎక్కడ చదవాలన్నది వీసాని బట్టి ఉంటుంది. హెచ్4 మీద ఉన్నవాళ్లకి ఈ ఒక్క విషయంలో వెసులుబాటు ఉంది: పార్ట్ టైమ్‌గా సెమిస్టర్‌కి ఒకటో రెండో కోర్సులు చదువుకోవచ్చు, పిల్లల్ని చూసుకుంటూ కూడా. ఎఫ్1 అయితే బ్యాచిలర్స్ స్థాయిలో సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు తప్పనిసరి, ఆ లెక్కలోకి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే వస్తుంది. పైగా డిగ్రీలో చేరకుండా విడి కోర్సులు చదువుతానంటే చాలా యూనివర్సిటీలు ఐ-20 (ఎఫ్1కి కాలేజీ ఇచ్చే పత్రం) ఇవ్వవు, కాబట్టి రెండో బ్యాచిలర్స్‌లోనో, ఐ-20 ఇచ్చే పోస్ట్‌బ్యాక్ ప్రోగ్రాంలోనో (డిగ్రీ అయ్యాక ఈ కోర్సుల కోసమే చేరేది) చేరాల్సి వస్తుంది. ఎంఎస్ చేస్తున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఆమ్‌కాస్‌లో గ్రాడ్యుయేట్ జీపీఏని విడిగా చూపిస్తారు, అండర్‌గ్రాడ్ జీపీఏతో కలపరు. అంటే ఎంఎస్‌లో 4.0 వచ్చినా ప్రీరెక్విజిట్ల ఖాళీ అలాగే ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీ చవక, అక్కడ బాగా చెప్తారు కూడా, కానీ కొన్ని స్కూళ్లు నాలుగేళ్ల యూనివర్సిటీ కోర్సులకే మొగ్గు చూపుతాయి. ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్, సైకాలజీ అక్కడ చేసి, సైన్స్ కోర్సుల్లో ఎక్కువ భాగం యూనివర్సిటీలో చేయడం మధ్యేమార్గం. ఆన్‌లైన్ ల్యాబ్‌ల జోలికి మాత్రం ముందు స్కూల్‌ని అడగకుండా వెళ్లొద్దు.

అడగడం అంటే ఫోన్ చేసి అడగడం కాదు, ఈమెయిల్. రాతలో జవాబు ఉండాలి. "నేను అర్హురాలినేనా" అని అడిగితే మర్యాదగా వెబ్‌సైట్ లింకు పంపి ఊరుకుంటారు. ఇలా అడగండి: నా డిగ్రీ ఇండియాలో నాలుగేళ్ల బీఫార్మసీ, ఇక్కడ ఫలానా యూనివర్సిటీలో ఇన్ని క్రెడిట్లు పూర్తవుతాయి, ఆర్గానిక్ ట్రాన్స్‌ఫర్ క్రెడిట్‌గా ఎక్కింది, దాని బదులు పై స్థాయి కోర్సు చూపించాలా, ఆ క్రెడిట్ చాలా? ఒక మెయిల్‌లో ఒకటి రెండు ప్రశ్నలు, అంతకు మించొద్దు. జవాబు తేదీతో సహా దాచుకోండి, అప్లై చేసే ఏడాది మళ్లీ ఒకసారి ధ్రువపరచుకోండి, ఎందుకంటే నిబంధనలు ఏటా మారొచ్చు.

డబ్బు విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. ఇంటర్నేషనల్ స్టూడెంట్లకి ఫెడరల్ లోన్లు రావు. కొన్ని స్కూళ్లు ఏడాది నుంచి నాలుగేళ్ల ఫీజు వరకు ముందే ఎస్క్రో ఖాతాలో (ఫీజు కోసం విడిగా కట్టేసి ఉంచే ఖాతా) చూపించమంటాయి. బంధువులు చెప్పే సలహా, ఇండియాలో ఎంబీబీఎస్ చేసి అమెరికా డాక్టర్ లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్ఈ రాసి రెసిడెన్సీకి (ఆస్పత్రి శిక్షణకి) రావడం, కొట్టిపారేయాల్సింది కాదు. 18 ఏళ్ల వయసులో ఉండి నీట్ రాయగలిగినవాళ్లకి అది ఖర్చు తక్కువ దారి. ఇక్కడ కుటుంబం, పిల్లలు ఉన్న నాలాంటి వాళ్లకి ఐదున్నరేళ్లు అక్కడికి వెళ్లి చదవడం కుదరదు, అందుకే ఈ దారి.

ఇక టైమింగ్. ఆమ్‌కాస్ మే నెలలో తెరుచుకుంటుంది, జూన్ మొదట్లోనే సబ్మిట్ చేయడం మంచిది, చేరేది మాత్రం మరుసటి ఏడాది వేసవిలోనే. కోర్సులన్నీ అప్లై చేసేనాటికే అయిపోవాలని లేదు, ఒకటి రెండు ఇంకా చదువుతున్నామని చూపించవచ్చు, చాలా స్కూళ్లకి చేరేలోపు పూర్తయితే చాలు. కానీ ఎంక్యాట్ స్కోరుకి చాలాచోట్ల రెండు మూడేళ్ల గడువే ఉంటుంది, కాబట్టి ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ అవ్వకముందే తొందరపడి రాసేయకండి. పార్ట్ టైమ్‌లో చదివేవాళ్లు ఫాల్‌లో జనరల్ కెమిస్ట్రీతో మొదలుపెట్టండి, ఆర్గానిక్‌కి, తర్వాత బయోకెమిస్ట్రీకి వెళ్లేది అక్కడి నుంచే, పైగా చాలా కాలేజీల్లో మొదటి భాగం ఫాల్‌లో, రెండోది స్ప్రింగ్‌లో చెప్తారు, ఒక సెమిస్టర్ జారితే ఏడాది జారుతుంది.