మేజరైన ఆడపిల్ల నడతకు ఊరి సాక్ష్యమా?

మా చెల్లెలి కూతురు ఈ వారమే ఇల్లు చేరింది. పుణెలో ఇంటిపని ఇప్పిస్తానని నమ్మబలికి తీసుకెళ్లిన దూరపు బంధువు ఆమెను అమ్మేశాడు. పోలీసులు దాడిలో విడిపించాక, మేజిస్ట్రేటు ఉత్తర్వుపై అక్కడి రక్షణ గృహంలో ఉంచారు. పోలీసుల నుంచి కబురు రావడం, ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా పంపడం, ఇక్కడి స్టేషన్లో ఆ మనిషిపై భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను కింద కేసు పెట్టించడం ఇబ్బంది లేకుండానే జరిగిపోయాయి. మమ్మల్ని తలెత్తుకోనీయకుండా చేసింది మాత్రం ‘ఇంటి విచారణ’.

అందరూ పీటా అని పిలిచే 1956 నాటి అనైతిక వ్యాపార (వ్యభిచార వ్యాపార) నిరోధక చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, విడిపించిన మనిషిని ఎవరికైనా అప్పగించే ముందు మేజిస్ట్రేటు ఆమె వయసు, నడత, పూర్వాపరాలతో పాటు తల్లిదండ్రులు ఆమెను చూసుకోదగినవారేనా అన్నది కూడా ప్రొబేషన్ అధికారి ద్వారా తెలుసుకోవాలి. కన్నవాళ్లే అమ్ముకున్న సందర్భాలు ఉన్నాయి కనుక ఈ జాగ్రత్తను నేను తప్పుపట్టను. అయితే ఆ విచారణను గుట్టుగా జరపాలన్న ఇంగితం మా ఊరికి వచ్చినవారికి లేకపోయింది.

శాఖ పేరు రాసి ఉన్న జీపు నేరుగా రేషన్ దుకాణం ముందు ఆగింది. నెల మొదటివారం కావడంతో బియ్యం కోసం సగం ఊరు అక్కడే ఉంది. దిగిన అధికారిణి మా పిల్ల ఫోటో చేతపట్టుకుని, పేరూ తండ్రి పేరూ పైకి చదివి, ‘ఈ అమ్మాయి నడత ఎట్లాంటిది?’ అని అడిగింది. ఏ ఊరి నుంచి, ఎలాంటి చోటు నుంచి విడిపించారో కూడా దాపరికం లేకుండా చెప్పింది. అంతవరకు పిల్ల పుణెలో పనికి పోయిందని మాత్రమే ఊరికి తెలుసు. కబురు అందుకుని నేను వెళ్లేసరికి ఆమె మా చెల్లెలి ఇంట్లో కూర్చుని, పడక గదులెన్ని, పిల్లకు పెళ్లి చేసే స్తోమత ఉందా, మళ్లీ పంపరని ఏమి నమ్మకం అని వరుసగా అడుగుతోంది. మా చెల్లెలు తలవంచుకుని జవాబులు చెబుతోంది. మా మరిది గడప దాటి లోపలికి రాలేకపోయాడు.

‘అమ్మిన వాడి నడత గురించి ఎవరినైనా అడిగారా మేడమ్?’ అన్నాను. ‘ఫారంలో ఆ కాలమ్ లేదమ్మా’ అంది ఆమె.

ముప్పై ఏళ్లు బడిపిల్లల పరీక్ష పత్రాలు దిద్దిన దాన్ని కనుక నివేదిక నకలు చేతికి రాగానే ప్రతి వాక్యం కింద గీత గీస్తూ చదివాను. ‘గ్రామస్తుల అభిప్రాయం అనుకూలంగా లేదు, కుటుంబం తగినది కాదు’ అని ఉంది. ఆ అభిప్రాయం పుట్టించింది ఆ జీపేనని మాత్రం ఎక్కడా లేదు. పీటా చట్టం కింద విచారణ ముగిసేవరకు ఒకరిని ఉంచదగిన గడువు మూడు వారాలు. ఆపైన, రక్షణ అవసరమని మేజిస్ట్రేటు భావిస్తే ఏడాది నుంచి మూడేళ్ల వరకు గృహంలో ఉంచే ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంటే రేషన్ దుకాణం ముందు నలుగురు నసిగిన మాటల మీద ఇరవై రెండేళ్ల పిల్ల మూడేళ్లు తాళం వెనుక ఉండవలసి వచ్చేది. నేరం చేసిన వాడికి బెయిలుందిగానీ, నేరానికి గురైన దానికి లేదు.

ఈ దశలో ఉన్నవారికి నేను చెప్పగలిగింది ఇది. మధ్యవర్తులకు, ‘నేను మాట్లాడతాను’ అనే ఊరి పెద్దలకు రూపాయి ఇవ్వవద్దు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను మనుషుల అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తుంది. పుణెలో మాకు దొరికిన యువ న్యాయవాది, ఇష్టానికి విరుద్ధంగా గృహాల్లో ఉంచిన మేజర్ మహిళల కేసులను సమీక్షించి, గడువు పెట్టుకుని విడుదల చేసేందుకు సర్వే జరపాలని సుప్రీంకోర్టు 2022 మే 19న రాష్ట్రాలను ఆదేశించిన సంగతి మేజిస్ట్రేటు ముందుంచింది. అదే 17వ సెక్షను ప్రకారం ఐదుగురు గౌరవనీయుల బృందాన్ని, వీలైతే అందులో ముగ్గురు స్త్రీలు ఉండేలా, సలహాకు పిలవవచ్చని కూడా గుర్తుచేసింది. మేజిస్ట్రేటు మా పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎక్కడికి వెళ్తావని అడిగారు. ‘మా పెద్దమ్మ ఇంటికి’ అని ఆమె చెప్పింది. అంతకాలంలో ఆ ప్రశ్న ఆమెనే అడిగిన మొదటి అధికారి ఆయనే.

బాధితుల రక్షణ, పునరావాసాల కోసం తెచ్చిన బిల్లును 2018 జులైలో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాటకుండానే 2019లో అది మురిగిపోయింది. దానిమీదా విమర్శలున్నాయని తెలుసు, కానీ అది పోయిన తరువాత మా వంటివారికి మిగిలింది 1956 చట్టం, ఆ ఫారం, ఆ జీపు. తక్షణ సహాయం కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో ఇచ్చిన జీవో 1 సంగతి నేను ఎత్తేవరకు మా జిల్లా కార్యాలయంలో ఎవరూ పలకలేదు.

పరిహారం కోసం భారతీయ నాగరిక సురక్షా సంహిత 396వ సెక్షను కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చాము. నిందితుడికి శిక్ష పడేవరకు ఆగాలని అక్కడి గుమస్తా అన్నాడు. దోషి దొరకని కేసుల్లో సైతం బాధితులు అడగవచ్చని రాసి ఉన్న ఉపసెక్షనును చూపించి, రసీదు రాయించుకున్నాను. రెండు నెలల్లో విచారణ ముగించాలని అదే సెక్షను చెబుతోంది. రేషన్ దుకాణం దగ్గర జరిగినదాన్ని తేదీతో సహా రాసి, సంస్థ అధ్యక్షులైన జిల్లా జడ్జిగారికి వేరే వినతిగా పెట్టాను. దానికీ రసీదు తీసుకున్నాను.