షుగర్ వస్తుందని స్టాటిన్ మానేయాలా?

హెచ్‌ఐవీ మందులు వాడేవారికి కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాస్తే ముందు వచ్చే ప్రశ్న ఇదే. భయం ఉత్తిది కాదు. 2023లో ఫలితాలు వెలువడిన రిప్రీవ్ అధ్యయనంలో హెచ్‌ఐవీ ఉన్న, 40–75 ఏళ్ల వయసున్న 7,769 మందిలో సగం మందికి పిటవాస్టాటిన్ 4 మి.గ్రా., మిగతా సగానికి మందు లేని మాత్ర ఇచ్చారు. ఐదేళ్లు తిరిగేసరికి మందు వేసుకున్నవారిలో 5.3 శాతం, వేసుకోనివారిలో 4 శాతం మందికి షుగర్ వచ్చింది. వెయ్యికి 13 మంది ఎక్కువ. గుండెపోటు, పక్షవాతం వంటివి తప్పినవారి లెక్క తీసినా వెయ్యికి దాదాపు అంతే. అంకెలు సమానమైనా బరువు సమానం కాదు. షుగర్‌ని అదుపులో పెట్టుకోవచ్చు, చచ్చిన గుండె కండరం మాత్రం తిరిగి రాదు. పైగా స్టాటిన్ ఎక్కువగా షుగర్‌లోకి నెట్టేది అప్పటికే గట్టు మీద ఉన్నవాళ్లనే: పరగడుపు షుగర్ 100 దాటినవారు, పొట్ట పెరిగినవారు.

అసలు పొరపాటు పరీక్ష దగ్గర జరుగుతుంది. చాలామంది మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఒక్కటే చూసి ఊరుకుంటారు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో అది అసలు కంటే తక్కువ చూపించవచ్చు, ముఖ్యంగా జిడోవుడిన్, అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందులు వాడేవారిలో. ఒక రిపోర్టు ఇలా ఉందనుకోండి: హెచ్‌బీఏ1సీ 5.8, పరగడుపు షుగర్ 131, ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం) 108. మొదటి అంకె చూస్తే పర్వాలేదనిపిస్తుంది. కానీ ఎంసీవీ 100 దాటిందంటే ఎర్ర కణాలు ఉబ్బాయని; అక్కడ 5.8ని నమ్మకూడదు. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా మరో రోజు మళ్లీ చేయించినా 126 లేదా ఆపైన వస్తే అది షుగరే. స్టాటిన్ మొదలుపెట్టేముందు ఒకసారి, తర్వాత కనీసం ఏడాదికోసారి పరగడుపు షుగర్ చూపించుకోవాలి. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి వాడే) మందులు మార్చితే మూడు నుంచి ఆరు నెలల్లోనే చూపించుకోవాలి.

ఏ స్టాటిన్ అన్నదీ ముఖ్యమే. రిటోనవిర్, కోబిసిస్టాట్ ఉన్న ఏఆర్‌టీతో సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ అస్సలు కూడవు. కాలేయం వాటిని విరగ్గొట్టలేక రక్తంలో పోగుపడి కండరాలు దెబ్బతింటాయి. ఒళ్లునొప్పులతో పాటు మూత్రం ముదురు రంగులోకి మారితే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పిటవాస్టాటిన్‌కి రిటోనవిర్, కోబిసిస్టాట్‌లతో ఇలా పోగుపడే గొడవ లేదు.

షుగర్ వచ్చేసి మెట్‌ఫార్మిన్ రాస్తే, డోల్యుటెగ్రవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి. అది మెట్‌ఫార్మిన్‌ని ఒంట్లో నిలవ చేస్తుంది కాబట్టి రోజుకు 1000 మి.గ్రా. దాటించరు.