ముక్తాయింపు లేని మృదంగం: నా అనుభవం

వాతావరణ మార్పు మీద కళాకారులనూ శాస్త్రవేత్తలనూ జతలుగా కలిపి ప్రదర్శనలు తయారు చేయించే బాధ్యత నాకు అప్పగించినప్పుడు, చాలామంది ఇచ్చిన సలహా ఒక్కటే. శాస్త్రవేత్తలు ఫలితాలు ఇస్తారు, కళాకారులు వాటిని అందంగా చూపిస్తారు. ఈ పద్ధతి నాకు ఏనాడూ నచ్చలేదు. ఫలితం ఖరారయ్యాక పిలిస్తే కళాకారుడికి అలంకరణ తప్ప చేయడానికి ఏమీ మిగలదు. అందుకే గ్రాఫు గీయకముందే, అంకెల పట్టిక దగ్గరే ఇద్దరినీ కూర్చోబెట్టాలని పట్టుబట్టాను.

రీడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో రూపొందించిన ఉష్ణోగ్రత చారలు నాకు ధైర్యమిచ్చాయి. ఏడాదికొక చార, నీలం నుంచి ఎరుపు దాకా, అంతే. ఒలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు, మినిక్ రోసింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గ్రీన్‌లాండ్ మంచు దిమ్మలను 2014లో కోపెన్‌హాగన్‌కూ, మరుసటి ఏడాది పారిస్‌కూ తెచ్చి జనం మధ్య కరగనిచ్చారు. ఏమి చూపాలో, ఏమి వదిలేయాలో తెలిసిన పనులు ఇవి.

మా జతల్లో ఒకదాని గురించే వివరంగా చెబుతాను. ఆయన మృదంగ విద్వాంసుడు. ఆమె గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను అధ్యయనం చేసే శాస్త్రవేత్త. హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో మొదలుపెట్టిన కొలతలే వాళ్ల ముడిసరుకు. పని మొదలవక ముందే ఒప్పందం రాసుకున్నాం: అంకెలను ఎవరూ మార్చకూడదు, వాటికి ఇచ్చే రూపం మాత్రం కళాకారుడి ఇష్టం. చర్చలకు పట్టే సమయానికి కూడా ఆయనకు పారితోషికం ఇవ్వాలని బడ్జెట్‌లో ముందే రాయించాను. శాస్త్రవేత్తకు నెల జీతం ఉంటుంది. కళాకారుడి గంటలకు విలువ కట్టకుండా సమాన భాగస్వామ్యం గురించి మాట్లాడటం అన్యాయం.

ఆయన పద్ధతి సులువైనదే. ఏడాదికి ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. పారిశ్రామిక యుగానికి ముందున్న 280 పీపీఎంను (పది లక్షల గాలి అణువుల్లో 280 కార్బన్ డయాక్సైడ్ అణువులు) సున్నాగా తీసుకుని, దానిపైన ప్రతి 5 పీపీఎంకూ ఒక దెబ్బ. 280 దగ్గర మొదలుపెట్టాలన్నది ఆమె పట్టుదల. కొలతలు మొదలైన నాటికే మనిషి చేతి ముద్ర గాలిలో ఉందని వినేవారికి తెలియాలి కదా! అలా 1959లో 7 దెబ్బలు, సగటు 424 దాటిన 2024లో 28. ఉత్తరార్ధగోళంలోని మొక్కలు వేసవిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని చలికాలంలో వదిలేయడం వల్ల అంకెలు ఏటా కాస్త పెరిగి తగ్గుతాయి. ఆ ఊగిసలాటను ఆయన ఎడమ చేతి నాదంలో వినిపించారు.

సాధన మధ్యలో ఆయన ఆగి అడిగారు: "1985 తరవాత మూడేళ్లకొక దెబ్బ పెరుగుతూ వచ్చింది. 1991 నుంచి నాలుగేళ్లు 15 దగ్గరే ఎందుకు ఆగింది?" ఆమె ముఖం వెలిగిపోయింది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం బద్దలై భూమిని కొంతకాలం చల్లబరిచింది. ఆ రోజుల్లో నేలా మొక్కలూ ఎక్కువ కార్బన్‌ను పట్టుకున్నాయి. అందమైన గ్రాఫు చేతికిచ్చి ఉంటే ఆయన ఈ ప్రశ్న అడిగేవారా? నాకు నమ్మకం లేదు.

అసలు పేచీ ముగింపు దగ్గర వచ్చింది. ఆయన రెట్టింపు వేగమైన రెండో కాలంలోకి దూకి, ఉరుములాంటి ముక్తాయింపుతో ముగించాలనుకున్నారు. విన్నప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది. ఆమె మాత్రం ఒప్పుకోలేదు. "మీరు వేగం పెంచనక్కరలేదు. 1960ల్లో ఏడాదికి 1 పీపీఎం కన్నా తక్కువ పెరిగేది, ఇప్పుడు 2కు పైనే పెరుగుతోంది. అంకెలే పరుగెడుతున్నాయి. ఇక ఆ ముగింపు నా పట్టికలో లేదు" అన్నారు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ బృందమైన ఐపీసీసీ 2021 నివేదికలో, ఉద్గారాలు ఎంత పెరుగుతాయి, ఎంత తగ్గుతాయి అన్నదాన్ని బట్టి ఐదు దారులు చూపింది. ఏ దారి పట్టామన్నదాన్ని బట్టి ఈ శతాబ్దం చివరికి వేడి, పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే, సుమారు 1.4 డిగ్రీల నుంచి 4.4 డిగ్రీల దాకా పెరగవచ్చు. కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు నికరంగా సున్నాకు చేరితే, ఆపైన వేడి పెరగడం దాదాపు ఆగుతుంది. అంతా అయిపోయిందని వాయించడం అబద్ధమవుతుందని ఆమె వాదన.

నేను ఆమె పక్షం వహించాను. భయపెట్టి పంపేస్తే జనం చేతులెత్తేస్తారని నా నమ్మకం. ఆయన అలిగారు, కొన్నాళ్లు ఫోను ఎత్తలేదు. తరవాత తానే ఒక మార్గంతో వచ్చారు: 2024 ఆవర్తనంతో వాయిద్యం ఆపేస్తారు, ఆమె వేదిక మీదికి వచ్చి ఐదు దారులనూ వివరిస్తారు, ఒక్కో దారికీ ఆయన ఒక్కో చిన్న ముక్క వాయిస్తారు.

 

ప్రదర్శన తరవాత ప్రేక్షకులను బాగుందా అని అడగలేదు, ఏమి అర్థమైందని అడిగాను. పెరుగుదల వేగం అందరికీ తెలిసింది. ఐదు దారుల్లో తేడా కూడా చాలామంది చెప్పగలిగారు. 280 సంగతి మాత్రం ఎక్కువమందికి అందలేదు. అందుకని తరవాతి ప్రదర్శనల్లో ఆరంభానికి ముందు రెండు నిమిషాలు ఆమె మాట్లాడేలా మార్చాం. కొత్త జతలను పిలిచేటప్పుడు శాస్త్రవేత్తలకు ఇప్పుడు ఒకే షరతు పెడుతున్నాను: మొదటి సమావేశానికి గ్రాఫులు తేవద్దు, పట్టిక తెండి.