మూతలు బిగించని ఇల్లు

అమ్మ పోయాక ఏడాదిపాటు తిరుమల కొండకు వెళ్లలేదు. తల్లిగానీ తండ్రిగానీ పోతే సంవత్సరీకం అయ్యేదాకా కొండ ఎక్కకూడదని మా ఇళ్లలో ఆచారం. మిగతా ఆచారాలను పెద్దగా పట్టించుకోని నేను దీన్ని మాత్రం తుచ తప్పకుండా పాటించాను. నిజానికి అది ఆచారం కాదు, వంక. ఆవిడ లేకుండా అక్కడికి వెళ్లే ధైర్యం లేక దాని చాటున దాక్కున్నాను.

2024లో సంవత్సరీకం అయిన మూడో రోజు చిత్తూరులో తెల్లవారుజామున బస్సెక్కాను. తిరుపతికి 70 కిలోమీటర్లు, దారంతా నిద్ర. అలిపిరిలో సామాన్ల కౌంటరులో సంచి ఇచ్చేశాను. నడిచి వెళ్లేవాళ్ల సంచులను దేవస్థానం వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. అందులో ఒక పట్టుపంచె, తువ్వాలు, ఒక జత బట్టలు, నీళ్ల సీసా ఉన్నాయి. పాదాల మండపంలో ఇత్తడి పాదుకలు తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేస్తున్నవాళ్ల వెనుక నేనూ ఒక చుట్టు తిరిగి మొదటి మెట్టు ఎక్కాను. మొత్తం 3,550 మెట్లు.

అమ్మ ఈ మెట్లు ఒక్కటీ ఎక్కలేదు. పదకొండో ఏట, 1968లో, పట్టుకున్న కీళ్లవాతం ఆవిడను చివరిదాకా వదల్లేదు. కొండకు ఎప్పుడు వెళ్లినా బస్సులోనే.

కొంచెం పైకి వెళ్లగానే తలయేరు గుండు వస్తుంది. ఆ రాతికి తల, మోకాళ్లు ఆనిస్తే కాళ్ల నొప్పులు పోతాయని నమ్మకం. ఎన్ని తరాల మోకాళ్లు ఆనాయో, రాతిలో గుంటలు పడ్డాయి. నేను మోకాళ్లు ఆనించలేదు, ఒక గుంటలో చెయ్యి పెట్టి చూశాను. లోపల నున్నగా, చల్లగా, కాస్త జిడ్డుగా ఉంది. ఎవరో రాసిన పసుపు వేళ్లకు అంటుకుంది.

ఈ గుండు గురించి మా అత్త అమ్మను ఎంత పోరిందో! "నాలుగు మెట్లెక్కితే చాలు వదినా, ఆనించి దిగి వచ్చెయ్యి" అనేది. అమ్మ ఒకసారి విసుగెత్తి, "పాపం, ఆ రాయికే గుంటలు పడ్డాయి, మళ్లీ నా నొప్పి కూడా దానికెందుకు?" అంది. అత్త వారం రోజులు మాట్లాడలేదు.

జబ్బు మనిషికి సలహా చెప్పే హక్కు లోకంలో అందరికీ ఉంటుంది. ఆముదం, నువ్వులనూనె, ఉపవాసం, రాగి కడియం, ఏదీ మిగల్లేదు. ఒక ఊరి వైద్యుడు పొట్లాలు కట్టి ఇచ్చిన మాత్రలతో పది రోజుల్లో నొప్పి మాయమైంది. రెండు నెలల్లో అమ్మ ముఖం గుండ్రంగా ఉబ్బింది. వచ్చినవాళ్లంతా "కాస్త ఒళ్లు చేశావు, బాగున్నావు" అన్నారు. అవి స్టెరాయిడ్లని 1994లో వేలూరు డాక్టర్లు చెబితే గానీ మాకు తెలియలేదు.

వాళ్లే కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మాత్రలు మొదలుపెట్టారు. ఒక్కొక్కటి 2.5 మిల్లీగ్రాములు. వారానికి ఆరు, అన్నీ ఒకే రోజు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకని ఏ రోజో గట్టిగా గుర్తుండాలి. అమ్మ శనివారం ఎంచుకుంది. "స్వామి రోజు, మరిచిపోను" అంది. అప్పటిదాకా శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. మాత్రల కోసం అది మానేసింది. మరునాడు కడుపులో తిప్పి ఎలాగూ ముద్ద దిగేది కాదు. "శనివారం మాత్రకు, ఆదివారం స్వామికి. ఆయన సర్దుకుంటాడులే" అనేది.

గాలిగోపురం చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. నా ముందు ఒకావిడ ప్రతి మెట్టుకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తోంది. నేను చూసింది ఆవిడ వేళ్లను. చూపుడువేలు, బొటనవేలు కలిపి కుంకుమను ఎంత తేలికగా పట్టుకుంటోంది! అమ్మ వేళ్లు చిటికెనవేలి వైపుకు ఒరిగిపోయి ఉండేవి. చిటికెడు ఉప్పు పట్టడం ఆవిడ వల్ల కాదు, గరిటె మొనతో వేసేది. ఉదయం లేవగానే గంటసేపు గుప్పిట మూసుకోదు. వేణ్నీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని, నాకు పనులు చెబుతూ కూర్చునేది.

వంటింట్లో ఆవిడకొక ఎత్తుపీట ఉండేది. దానిమీద కూర్చుని చెబుతుంటే నాన్న నూరేవారు, నేను తాలింపు వేసేవాడిని. "శ్రీవారి పోటులో వంటలు వకుళమ్మ దగ్గరుండి చూస్తుందట. నాదీ అదే ఉద్యోగం" అనేది. పదమూడేళ్లకే నాకు పులిహోర కలపడం వచ్చింది.

మా ఇంట్లో ఏ మూతా బిగించేవాళ్లం కాదు. ఊరగాయ జాడీ, ఉప్పు డబ్బా, నూనె సీసా, ఏదైనా సరే మూత ఊరికే పైన ఆనించి ఒక అర చుట్టు తిప్పేవాళ్లం. బిగిస్తే పగలు అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు తెరవలేదు. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లేది, అప్పడాలు మెత్తబడేవి. ఎవరమూ నోరెత్తేవాళ్లం కాదు. ఇప్పటికీ నా చెయ్యి అర చుట్టు దగ్గర ఆగిపోతుంది. నా భార్య పెళ్లయిన కొత్తలో దీని మీద చాలా పోట్లాడింది.

నరసింహస్వామి గుడి దాటాక దారి కాసేపు ఘాట్‌రోడ్డు పక్కనే చదునుగా సాగుతుంది, ఆ తర్వాత మోకాళ్ల పర్వతం. కొండ సాలగ్రామమయం కాబట్టి రామానుజులు ఇక్కడ పాదం మోపకుండా మోకాళ్లతో ఎక్కారని చెబుతారు. అమ్మకు ఆ కథ కన్నా అన్నమయ్య కథ ఇష్టం. కుర్రవాడు చెప్పులతోనే ఇక్కడిదాకా వచ్చి, ఆకలితో సొమ్మసిల్లి పడుకుంటే, అలమేలుమంగమ్మ పెద్ద ముత్తయిదువలా వచ్చి, చెప్పులు విడవమని చెప్పి, ప్రసాదం తినిపించిందట. అమ్మ వంకర తిరిగిన కాలివేళ్లకు మెత్తటి రబ్బరు చెప్పులు తప్పనిసరి. ఇంట్లోనూ, పూజగది గడప దాకానూ వేసుకునే తిరిగేది. ఎవరైనా ముఖం చిట్లిస్తే, "అన్నమయ్య కూడా చెప్పులతోనే వచ్చాడు నాయనా, తల్లి తిట్టలేదు" అని నాతో అనేది, వాళ్లకు వినబడేలా.

అక్కడ నిటారు మెట్లు. నాకు నలభై రెండేళ్లు, కుడి మోకాలు కలుక్కుమంటోంది. ఒక మెట్టు మీద కూర్చుని చూస్తుంటే రోడ్డు మీద బస్సు ఒకటి మలుపు తిరిగింది. 2019లో అమ్మను ఆఖరిసారి తీసుకువచ్చినప్పుడు, కిటికీలోంచి నడిచేవాళ్లను చూసి, "మోకాళ్లున్నవాళ్లు ఎంత తొందరగా పోతారో" అంది. దిగులుగా కాదు, క్రికెట్ చూస్తున్నట్టు.

పైన కౌంటరులో సంచి తీసుకుంటే బరువుగా, చల్లగా తగిలింది. సీసా మూత ఊడి నీళ్లన్నీ లోపలే ఒలికాయి. స్నానం చేసి, పంచె పిండి, అలాగే కట్టుకున్నాను. క్యూలో నా ముందున్న పెద్దాయన కాళ్ల దగ్గర తడి చూసి వెనుదిరిగారు.

"పుష్కరిణిలో మునిగి వచ్చారా బాబూ?"

"లేదండీ, సీసా మూత" అన్నాను.

ఆయనకేమీ అర్థం కాలేదు. క్యూ కదిలింది.